వాఫిల్స్ చేసినవాళ్లూ అందరితో కూర్చుని తినాలంటే

ఆదివారం పొద్దున్నే వాఫిల్స్ చేద్దామని మిషన్ బయటికి తీశారు. పిల్లలు అప్పటికే ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. మొదటిది మూతకి సగం, అడుగుకి సగం అతుక్కుని రెండు ముక్కలైంది. రెండోది బాగానే వచ్చింది, పెద్దవాడు లాగేసుకున్నాడు, చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. మూడోది దానికిచ్చేసరికి పెద్దవాడు "ఇంకోటి" అంటున్నాడు. అత్తగారు "నాకేం తొందర లేదులేమ్మా" అంటూనే గడియారం వైపు చూస్తున్నారు. చివరికి అందరూ చేతులు కడుక్కుని వెళ్లిపోయాక, మీ వంతుకి మిగిలిన మెత్తటి ముక్కను వంటగట్టు దగ్గరే నిలబడి తినేశారు. మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఇలా అయినప్పుడు మనలో చాలామంది నేరమంతా పిండి మీదికి తోసేస్తాం. ఇంకో రెసిపీ వెతుకుతాం, ఇంకో గుడ్డు కలుపుతాం, ఇంకాస్త పంచదార వేస్తాం. పిండిలో పెద్ద కిటుకేమీ లేదు. కొలత తప్పకపోతే అది పది నిమిషాల పని. తేడా వచ్చేది రెండు చోట్ల. ఒకటి వేడి. రెండోది వరస: ముందు చేసుకోవాలి, తర్వాత పిలవాలి. ఈ రెండూ సర్దుకుంటే చాలు, వాఫిల్స్ చేసిన మనిషి కూడా అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుని వేడివేడిగా తినొచ్చు. ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టి చెప్పేది అదే.

ముందు మిషన్ సంగతి

కొత్తగా కొనబోతుంటే, ప్లేట్లు ఊడదీసి కడుక్కునే వీలున్న మిషన్‌కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. వాట్లు మరీ తక్కువున్న చిన్న మిషన్లు పిండి పోయగానే చల్లబడిపోతాయి, మళ్లీ వేడి పుంజుకోవడానికి నానా తంటాలు పడతాయి. నలుగురున్న ఇంటికి అవి సరిపోవు.

అమెరికాలో ఉన్న అక్కో తమ్ముడో సెలవులకి వస్తూ "అక్కడ బాగుంటాయి, ఒకటి తెస్తాను" అంటే వద్దని చెప్పండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తెచ్చి నేరుగా పెడితే కాలిపోతుంది. పిన్నుల ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు. తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖర్చూ చూస్తే ఇక్కడే ఒకటి కొనుక్కోవడం మేలు.

గ్యాస్ స్టవ్ మీద పెట్టి కాల్చే రకం కూడా దొరుకుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి వాడు కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869లో పేటెంట్ తీసుకున్నది ఈ పద్ధతి దానికే. చెయ్యి కాలకుండా తిరగేయడానికి వీలుగా దాన్ని తయారుచేశాడు. ఇలాంటిది వాడేవాళ్లు ఖాళీగా ఉన్నప్పుడే రెండు వైపులా వేడెక్కించాలి, పిండి పోశాక మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగేయాలి. కరెంటు మిషన్‌లో రెండు వైపులా ఒకేసారి కాలుతుంది కాబట్టి ఆ పని తప్పుతుంది.

పిండి: దాదాపు ఆరు వాఫిల్స్‌కి

పొడిగా కలిపేవి: మైదా 2 కప్పులు (250 గ్రాములు), కార్న్ ఫ్లోర్ 2 పెద్ద చెంచాలు, బేకింగ్ పౌడర్ 3 చిన్న చెంచాలు, పంచదార 2 పెద్ద చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా.

తడిగా కలిపేవి: గుడ్లు 2, పాలు ఒకటీ ముప్పావు కప్పు, కరిగించిన వెన్న లేదా వాసన లేని నూనె అర కప్పు, వెనిలా ఎసెన్స్ ఒక చిన్న చెంచా.

కప్పు అంటే కొలత కప్పే. టీ కప్పుతోనో స్టీలు గ్లాసుతోనో కొలిస్తే ఒకసారి గట్టిగా, ఒకసారి జారుగా వస్తుంది, ఎందుకో మీకు అర్థం కాదు. కార్న్ ఫ్లోర్ అంటే తెల్లగా, మెత్తగా ఉండేది, మనం మంచూరియాలో వాడేదే. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం దుకాణంలో కార్న్ స్టార్చ్ అని అడగాలి. పైభాగం కరకరలాడడానికి ఈ రెండు చెంచాలు చేసే మేలు ఇంతా అంతా కాదు. తెల్లసొన విడిగా గిలక్కొట్టి నురగ చేసి కలిపే పద్ధతి ఉంది, అది మంచిదే. కానీ పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్న పొద్దున పూట అదనంగా ఒక గిన్నె, పది నిమిషాల చేతి నొప్పి ఎందుకు? కార్న్ ఫ్లోర్ వేసి ఊరుకోండి.

అర కప్పు వెన్నా అని గుండె బాదుకుంటున్నారా? దాన్ని సగానికి సగం తగ్గించారంటే వాఫిల్ కరకరలాడదు, పైగా మిషన్‌ని వదలదు. తగ్గించాలనుకుంటే పైన పోసుకునే సిరప్‌ని తగ్గించండి.

ఇక చేయడం

1. పొడి పదార్థాలు రాత్రే కలిపి డబ్బాలో పెట్టుకోండి. బేకింగ్ పౌడర్ పాతదేమోనని అనుమానం ఉంటే అర చెంచా తీసి వేడినీళ్లలో వేసి చూడండి. బుస్సున పొంగితే పనికొస్తుంది, ఊరికే మునిగిపోతే పారేయండి. పాలు, గుడ్లు మాత్రం పొద్దున్నే కలపాలి. తడి తగిలిన క్షణం నుంచే బేకింగ్ పౌడర్ పని మొదలైపోతుంది, రాత్రే కలిపేస్తే పొద్దుటికి దాని సత్తువ చాలావరకు పోతుంది.

2. పాలు, గుడ్లు ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే బయట పెట్టండి. చల్లటి పాలల్లో కరిగించిన వెన్న పోస్తే అది చిన్న చిన్న పలుకులుగా గడ్డకట్టి తేలుతుంది, పిండిలో సమంగా కలవదు. మర్చిపోయారా? పాలు గోరువెచ్చగా చేసుకోండి చాలు. నూనె వాడేవాళ్లకి ఈ బెడద లేదు.

3. ఉండలు కనిపించినా కలపడం ఆపేయండి. ఇది మన చేతులకి అస్సలు నచ్చని మాట. ఉండ లేకుండా కలపడమే పనితనమని చిన్నప్పటి నుంచి విన్నాం కదా! మైదాని తడిలో ఎంత తిప్పితే అంత సాగే గుణం వస్తుంది, వాఫిల్ రబ్బరు ముక్కలా తయారవుతుంది. పొడి పిండి మధ్యలో గుంట చేసి, తడివన్నీ ఒకేసారి పోసి, గరిటెతో పదీ పదిహేనుసార్లు తిప్పండి. పొడి పిండి కనిపించకపోతే సరే. మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తే ఆ ఉండలు వాటంతటవే నానుతాయి. ఈ పది నిమిషాల్లో మిషన్ పెట్టుకోండి.

4. మిషన్‌ని బాగా వేడెక్కనివ్వండి. దీపం ఆకుపచ్చగా మారగానే పిండి పోసేస్తాం, మొదటిది అతుక్కోవడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. దీపం మారాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఖాళీగా మూసి ఉంచండి. పిండి పడగానే చుయ్ మని శబ్దం రావాలి. శబ్దం రాలేదంటే తొందరపడ్డారన్నమాట.

5. నూనె బ్రష్‌తో పూయండి. డబ్బాలో వచ్చే నాన్‌స్టిక్ స్ప్రేలు కొట్టకండి. వాటిలో చాలావాటికి కలిపే లెసిథిన్ వేడికి పలచటి జిగురులా ప్లేటుకి పట్టేస్తుంది, కొన్నాళ్లకి నాన్‌స్టిక్ ప్లేటే అంటుకోవడం మొదలుపెడుతుంది. ఒక చుక్క నూనె, మూలమూలకీ తగిలేలా, పై ప్లేటుకి కూడా. పై ప్లేటుని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

6. ఆవిరి ఆగేదాకా మూత ముట్టుకోకండి.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అంతా తేలేది ఇక్కడే. పిండిలో సగానికి పైగా పాలూ గుడ్లూ, అంటే నీరే. మూత వేసిన అర నిమిషానికి మిషన్ అంచుల నుంచి తెల్లటి ఆవిరి గుప్పుమని వస్తుంది. రెండో నిమిషంలో అది ధారగా ఉంటుంది, వాసన ఇంకా పచ్చిపిండి వాసనే. మూడో నిమిషానికి వెన్న కాగిన వాసన మొదలవుతుంది, ఆవిరి తెరలు తెరలుగా వచ్చి తగ్గుతుంది. నాలుగో నిమిషం దాటాక ఎక్కడో ఒక మూల సన్నటి పోగు ఒకటి మిగులుతుంది. అది కూడా దాదాపు ఆగిపోయినప్పుడు లోపలి నీరు పోయి పైభాగం ఎండినట్టు. అంతకు ముందే తెరిస్తే? లోపలింకా పచ్చిగా ఉంటుంది, పైన ఒక పొర, కింద ఒక పొర కాలి ఉంటాయి. మూతతో పాటు పై పొర లేచి వస్తుంది, వాఫిల్ నడుముకి చీలిపోతుంది. పిండి తప్పని మీరనుకున్నది ఇదే.

దీపం ఏం చెప్పినా వినకండి. అది ప్లేటు వేడిని చెబుతుంది కానీ పిండి ఉడికిందో లేదో దానికి తెలియదు. ఆవిరి ఆగాక మూతని వేలి మందం ఎత్తి చూడండి. తేలిగ్గా వస్తే తెరవండి. గట్టిగా పట్టుకుని ఉంటే లాగకండి, ఇంకో నిమిషం మూసి ఉంచండి. కాలాల్సినంత కాలితే దానంతటదే వదులుతుంది. అప్పటికీ మూల అతుక్కుంటే చెక్క పుల్లతో అంచు లేపండి. ఫోర్కూ చాకూ మాత్రం వద్దు, పూత గీసుకుపోతుంది.

7. మొదటిది కొలత కోసమే అనుకోండి. ఏ మిషన్‌కి ఎంత పిండి పడుతుందో దాని కంపెనీ వాళ్ల పుస్తకం కంటే మొదటి వాఫిల్ బాగా చెబుతుంది. మామూలు గుండ్రటి మిషన్‌కి సుమారు మూడింట రెండు వంతుల కప్పు పోసి, కింది ప్లేటు ముప్పాతిక నిండితే ఆపండి. మూత బరువుకి మిగతాది అదే పరుచుకుంటుంది. పక్కల నుంచి కారితే తర్వాతి దానికి ఒక చెంచా తగ్గించండి, అంచులు బోసిగా వస్తే ఒక చెంచా పెంచండి. ఎంత పడుతుందో తెలిశాక ఆ గరిటెనే ఎప్పుడూ వాడండి.

8. తీసినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఫొటోల్లో ఎత్తుగా పేర్చి పైనుంచి సిరప్ పోస్తుంటారు కదా, అది చూడ్డానికే. వేడి వాఫిల్‌లోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంటుంది. ప్లేటులో పెడితే అడుగు చెమ్మగిల్లుతుంది, పేరిస్తే రెండూ మెత్తబడతాయి. కేకులు చల్లార్చే జాలీ స్టాండు మీద విడివిడిగా పెట్టండి. హాట్‌బాక్సులో పెట్టి మూత వేస్తే ఇంకా ఘోరం. చపాతీకి అది ఎంత మంచిదో వాఫిల్‌కి అంత చెడ్డది.

9. అన్నీ అయ్యాకే పిలవండి.

ఒక్కో వాఫిల్‌కి అయిదు నిమిషాలు, ఆరింటికి అరగంట. ఎంత చురుగ్గా చేసినా ఒక మిషన్‌తో ఇంతకంటే తొందరగా అవదు. మరి వాళ్లని ముందే కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ వడ్డిస్తూ పోతే జరిగేదేంటి? దోసెల పూట జరిగేదే: తినేవాళ్లు వరసగా తిని లేస్తారు, పోసేవాళ్లు పొయ్యి దగ్గరే ఉండిపోతారు. దోసె ఆగితే బాగోదు కాబట్టి అక్కడ తప్పదు. వాఫిల్ ఆగుతుంది. ఆగనిచ్చే పద్ధతి తెలిస్తే చాలు.

ఇంట్లో ఓవెనో ఓటీజీయో ఉంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టండి. అమెరికాలో ఉన్నవాళ్లకి 200 డిగ్రీల ఫారన్‌హీట్. తీసిన ప్రతి వాఫిల్‌నీ లోపల జాలీ మీద పక్కపక్కన పెట్టేయండి. చివరిది మిషన్‌లో ఉండగా పిలిస్తే, వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆరూ వేడిగా, కరకరలాడుతూ బల్ల మీద ఉంటాయి. మీ కుర్చీ కూడా లాగి ఉంచుకోండి.

ఓవెన్ లేదా? మిషన్‌తోనే సరిపెట్టొచ్చు. అన్నిటినీ కాస్త లేత రంగు ఉండగానే తీసి స్టాండు మీద ఉంచండి. అందరూ వచ్చాక మళ్లీ మిషన్‌లో ఒక్కోటీ ఒక నిమిషం పెట్టి తీయండి. టోస్టర్ ఉంటే అందులో రెండేసి వేగుతాయి. మైక్రోవేవ్ మాత్రం వద్దు, అర నిమిషంలో మెత్తటి దూదిలా చేసేస్తుంది.

"ఆకలేస్తోందమ్మా" అని చిన్నవాళ్లు ఆ అరగంట ఆగకపోతే? చేతికొక అరటిపండు ఇవ్వండి. లేదా పని చెప్పండి. పొడి కొలవడం, గరిటె తిప్పడం, పండ్లు గిన్నెలో సర్దడం ఆరేడేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. మిషన్ దగ్గరికి మాత్రం రానివ్వకండి, ఆవిరి చెయ్యి కాలుస్తుంది. పచ్చిగుడ్లు కలిసిన పిండిని వేలితో నాకనివ్వకండి.

గుడ్డు తినని రోజున

శనివారం గుడ్డు ముట్టని ఇళ్లున్నాయి, ఎప్పుడూ ముట్టనివీ ఉన్నాయి. అత్తగారికి గుడ్డు లేనిదీ, పిల్లలకి గుడ్డుదీ విడివిడిగా చేద్దామని చూడకండి, ఆ పూటంతా వంటింట్లోనే గడుస్తుంది. అందరికీ గుడ్డు లేనిదే చేయండి. గుడ్లకీ, పైన చెప్పిన పాల కొలతకీ బదులు ఒక కప్పు పెరుగు, ఒక కప్పు పాలు తీసుకోండి. బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలకి తగ్గించి, వంటసోడా అర చిన్న చెంచా వేయండి. పెరుగు పులుపుకి సోడా పొంగుతుంది, గుడ్డు లేని లోటు చాలావరకు తీరుతుంది. పిండి ఇడ్లీ పిండి కంటే కొంచెం జారుగా ఉంటే సరిపోతుంది, పెరుగు గట్టిదైతే రెండు చెంచాల పాలు పోసుకోండి. పట్టి ఉంచే గుడ్డు లేదు కాబట్టి ఇది తొందరగా చీలుతుంది. ఒక నిమిషం ఎక్కువ ఇవ్వండి, నూనె కాస్త ధారాళంగా పూయండి. కలిపాక ఎక్కువసేపు నిలవ ఉంచకండి.

మైదా వద్దనుకుంటే సగం మైదా, సగం గోధుమపిండి వేసి రెండు మూడు చెంచాల పాలు పెంచండి. మొత్తం గోధుమపిండితో చేస్తే బరువుగా, చపాతీకి దగ్గరగా వస్తుంది. నాకు నచ్చదు, పిల్లలు కూడా రెండోసారి అడగరు.

కారం కోరేవాళ్లకి మిగిలిన ఇడ్లీ పిండి ఉండనే ఉంది. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, రెండు చెంచాల నూనె కలిపి పోయండి. గళ్ల అంచులు గారెలా కరకరలాడతాయి. నూనె పూయడంలో పొదుపు చేస్తే మాత్రం మినప జిగురు ప్లేటుని వదలదు. ఆవిరి నియమం దీనికీ అంతే. అల్లం పచ్చడి పక్కన పెడితే వాఫిల్ అంటే ముఖం తిప్పుకునే మామగారు కూడా రెండోది అడుగుతారు.

బయట తిన్నట్టు ఎందుకు రాదు?

"మొన్న దుకాణంలో తిన్నది వేరేలా ఉందే" అని ఎవరో ఒకరు అంటారు. చిన్నబుచ్చుకోకండి, అది వేరే వంటకం. బెల్జియంలో బ్రస్సెల్స్ వాఫిల్‌కి ఈస్ట్ వేసి పిండి పులియబెడతారు, అందుకే అంత తేలిగ్గా ఉంటుంది. లియేజ్ వాఫిల్ అయితే జారుపిండి కాదు, వెన్న బాగా పట్టించిన ముద్ద. అందులో గట్టి పంచదార పలుకులు వేస్తారు, అవి మిషన్‌లో కరిగి పైన పాకంలా పట్టుకుంటాయి. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఒక బెల్జియం కుటుంబం స్ట్రాబెర్రీలు, క్రీముతో అమ్మిన వాఫిల్స్ జనాన్ని విపరీతంగా ఆకట్టుకున్నాయి, అమెరికాలో బెల్జియన్ వాఫిల్ అన్న మాట ఇంటింటికీ చేరింది అప్పుడే. మనం చేస్తున్నది బేకింగ్ పౌడర్‌తో అప్పటికప్పుడు అయ్యే అమెరికా ఇళ్ల పద్ధతి. ఇది బాగా చేతికొచ్చాక ఈస్ట్ జోలికి వెళ్లొచ్చు.

పైన ఏం వేసుకోవాలన్నది మీ ఇష్టం. మేపుల్ సిరప్ ఖరీదైనదే, లేకపోయినా లోటు లేదు. బెల్లం కొంచెం నీళ్లతో కరిగించి, వడగట్టి, జారుగా ఉండగానే దించి ఒక చెంచా నెయ్యి కలిపితే వేసవిలో మామిడి ముక్కలతో, మిగతా రోజుల్లో అరటిపండుతో బ్రహ్మాండంగా ఉంటుంది. తేనె అయితే ఏడాది నిండని పిల్లలకి అస్సలు పెట్టకండి. ఏది పోసినా తినే ముందు, ఎవరి ప్లేటులో వాళ్లు పోసుకోవాలి. ముందే పోసి ఉంచితే ఇంత శ్రమపడి తెచ్చిన కరకర రెండు నిమిషాల్లో పోతుంది.

మిగిలితే, మిగల్చాలనుకుంటే

ఎలాగూ మిషన్ వేడెక్కింది కదా, పిండి రెట్టింపు కలపండి. ఎక్కువైనవి జాలీ మీద పూర్తిగా చల్లారాక, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా డీప్ ఫ్రీజర్‌లో గంటా రెండు గంటలు పెట్టండి. గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసి గాలి పిండేసి మూసేయండి. రెండు నెలల లోపు వాడుకోండి. వేడి మీదే కవర్లో వేశారంటే లోపల మంచు పేరుకుని అన్నీ ఒకే దిమ్మ అయిపోతాయి. స్కూలు రోజున ఏడున్నరకి బస్సు అయితే ఏడుంబావుకి తీసి, కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లోనో మిషన్‌లోనో వేయండి. రెండు మూడు నిమిషాల్లో పైన కరకర, లోపల మెత్తన.

మిషన్ సంగతి కూడా చూసేయండి. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో గళ్లలోని తునకలు దులిపి, తడిగుడ్డ పిండి తుడవండి. ఊడిరాని ప్లేట్లయితే నీళ్ల కింద పెట్టకూడదు. ఎక్కడైనా పిండి ఎండిపోయి ఉంటే దాని మీద రెండు చుక్కల నూనె వేసి పది నిమిషాలు వదిలేయండి, గోకకుండానే వచ్చేస్తుంది.